చక్రంలోని నాలుగు భాగాలు

కెనడాలో 1876 నాటి ఇండియన్ చట్టం (అక్కడి ఆదివాసులను చట్టం ‘ఇండియన్లు’ అంటుంది) ప్రకారం, ఆదివాసీ విద్యార్థి విశ్వవిద్యాలయ పట్టా పొందితే తన ‘ఇండియన్’ హోదాను కోల్పోయేవాడు. పై చదువుకు మూల్యంగా తనవారినే వదులుకోవలసి వచ్చేదన్నమాట. మరోవైపు, ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన రెసిడెన్షియల్ పాఠశాలలు వారిని కన్నవారి నుంచి, మాతృభాష నుంచి దూరం చేశాయి. వాటిలో చివరివి మూతపడింది 1990లలోనే. ఈ చరిత్ర తెలిశాక, ఆదివాసీ విద్యార్థుల క్షేమాన్ని కౌన్సెలింగ్ గదికే పరిమితం చేసి మాట్లాడడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అనిషినాబే, క్రీ అనే ఆదివాసీ జాతుల పెద్దలు చెప్పే మెడిసిన్ వీల్ బోధలో శరీరం, బుద్ధి, మనసు, ఆత్మ ఒకే చక్రంలోని నాలుగు భాగాలు. ఒకటి కుంటుపడితే మిగిలినవీ తడబడతాయి. అందుకే నిద్ర పట్టని విద్యార్థిని నిద్ర గురించి మాత్రమే అడిగితే సరిపోదు, ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయిందో, తన భాషలో ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా అడగాలి. (అన్ని ఆదివాసీ జాతులకూ ఈ చక్రం లేదు, ఎవరి బోధ వారిదే.)

స్మడ్జింగ్ అనే ఆదివాసీ శుద్ధి ఆచారంలో చిప్పలో సేజ్ అనే సుగంధ మొక్క ఆకులు రాజేసి, ఆ పొగను దోసిలితో తల మీదికి, కళ్ల మీదికి, గుండె మీదికి తెచ్చుకుంటారు. పొగ అలారం మోగుతుందని దాన్ని ఆరుబయటికి నెట్టేయకుండా, అందుకు తగిన గది చూపడం విశ్వవిద్యాలయం బాధ్యత. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1993లోనే ఆదివాసీ విద్యార్థుల కోసం ఫస్ట్ నేషన్స్ లాంగ్‌హౌస్ అనే భవనాన్ని ప్రారంభించింది. అలాంటి చోట బోధించే పెద్దలను ఉత్సవ అతిథులుగా కాక, ఆచార్యులతో సమానంగా గౌరవించి, తగిన వేతనంతో ఏడాది పొడవునా నియమించాలని నా దృఢమైన అభిప్రాయం.