సమత తీర్పుపై నా ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) డిసర్టేషన్

గిరిజనుల భూమి హక్కులన్నిటి గురించీ రాస్తానని సినాప్సిస్ ఇస్తే, మా గైడ్ మేడమ్ ఎర్ర పెన్నుతో శీర్షిక కొట్టేసి, "ఇది జీవితకాలం పనమ్మా, ఒక్క ప్రశ్న పట్టుకో" అన్నారు. అలా, 1959 నాటి ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు రెగ్యులేషన్ ప్రకారం, రాజ్యాంగం ప్రత్యేక రక్షణ కల్పించిన గిరిజన ప్రాంతాలైన షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసుకే పరిమితమయ్యాను. ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీ తీర్పును మెచ్చుకోవడం తేలికే గానీ, మూడో న్యాయమూర్తి జస్టిస్ పట్నాయక్ భిన్నాభిప్రాయానికి జవాబు రాయకుండా మూడో అధ్యాయాన్ని మేడమ్ ముందుకు కదలనివ్వలేదు. నా దృష్టిలో పర్యవేక్షణ అంటే అదే. ప్లేజియారిజం రిపోర్టు, బైండింగ్, సంతకాలు చకచకా అయిపోయాయి. నిన్న వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు అడిగినవాటిలో సగానికి పైగా ఆ అధ్యాయం మీదే.