లక్నవరం దగ్గర తడిసిన గుడారం

డిసెంబరులో ఒక శనివారం నేనూ మా బావమరిదీ హనుమకొండలో బయలుదేరి, ములుగు మీదుగా లక్నవరం చెరువు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. 70 కిలోమీటర్లకు పైగా దారి. ఊరి రణగొణ ధ్వని ములుగు దాటాకే పూర్తిగా వదిలింది.

కాకతీయులు ఈ చెరువు కోసం పెద్ద కట్ట పోయలేదు. కొండల మధ్య ఇరుకు సందులను చిన్న కట్టలతో మూశారు, మిగతా గోడంతా కొండలదే. చోటు ఎంచుకోవడం వాళ్లకు తెలుసు. మాకే తెలియలేదు.

"ఇక్కడ గడ్డి మెత్తగా ఉంది బావా" అంటూ మావాడు పల్లంలో గుడారం దించాడు. చలిగాలి పల్లంలోకే జారుతుందని చెప్పాను, వినలేదు. పైగా చలికి భయపడి జిప్పులన్నీ బిగించాడు. తెల్లవారుజామున మొహం మీద చుక్కలు పడితే వాన అనుకుని లేచాను. బయట ఆకాశం నిండా చుక్కలే! మా ఇద్దరి ఊపిరిలోని ఆవిరే చల్లని గుడ్డకు తగిలి నీరై కారుతోంది. దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి.

పైన ఉన్న కిటికీ వల తెరిచి ఉంచితే చాలు, ఆవిరి వెళ్లిపోయేది. కింద టార్పాలిన్ అంచులు కూడా గుడారం బయటికి రాకుండా లోపలికి మడవాలి, లేకపోతే మంచు నీరు దాని మీదుగా నడుము కిందికి చేరుతుంది. అదీ ఆ రాత్రే తెలిసింది.

పొడిగా మిగిలింది డబ్బాలోని సర్వపిండి ఒక్కటే. నువ్వులు, పల్లీలు దండిగా వేసి మా అమ్మ చేసినది. వేలాడే వంతెన మీద పొగమంచు విడిపోతుంటే, వణుకుతూనే మొత్తం తినేశాం.