సిగ్నల్ రాలేదు

దుబాయ్‌లో నేనేం పని చేస్తానో మా బాపుకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా కాలం పట్టింది. 2013లో వచ్చినప్పుడు మట్టి తవ్వే పని అని చెప్పాను. అప్పటికి అది నిజమే. రెండేళ్ల తర్వాత చేతిలోని పార పోయి మిషన్ వచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో "ఇప్పుడు భూమిలోపల ఏమున్నదో చూసే పని బాపూ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "నీళ్లు గూడ చూస్తదా అది?" అని అడిగాడు.

ఆ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. జగిత్యాల దగ్గర మాకున్నది రెండెకరాలు. అందులో నాలుగు బోర్లు వేశాం. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడికి బాపు బోరు బండి తెప్పించేవాడు. మూడింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాలుగోది ఒక్క వానాకాలం పోసి ఎండిపోయింది. ఆ బాకీయే నన్ను విమానం ఎక్కించింది.

"నీళ్లు కనపడవు బాపూ. కరెంటు తీగలు, ఇనుప పైపులు కనపడతాయి" అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదని కొన్ని నెలల తర్వాత తెలిసింది.

ఆ మిషన్‌ను మేం క్యాట్ అంటాం. కేబుల్ అవాయిడెన్స్ టూల్ అనే మూడు మాటల్లోని మొదటి అక్షరాలు. పైన పిడి, చిన్న స్క్రీన్, కింద పలకలాంటి పొడవాటి బ్లేడు. ఒక్క చేత్తో పట్టుకుని నడవొచ్చు. దానికి తోడు జెన్నీ అని ఒక పెట్టె ఉంటుంది, అది సిగ్నల్ పంపే పెట్టె. క్యాట్ వినేది, జెన్నీ పలికేది. నాకు నేర్పిన కేరళ ఫోర్‌మన్ మొదటిరోజు చెప్పింది ఒక్కటే: ఇది కేబుల్‌ను చూడదు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దాన్ని పసిగడుతుంది. కరెంటు పారకపోతే దీనికి ఏమీ తెలియదు.

నేను తల ఊపాను. విన్నాను కానీ నాకు ఎక్కలేదు.

పవర్ మోడ్‌లో పెడితే కరెంటు తీగల 50 హెర్ట్జ్ మోత పట్టుకుంటుంది. మన దేశంలో కరెంటు కూడా అదే 50. రేడియో మోడ్‌లో ఇంకో సంగతి: ఎక్కడో దూరాన ఉన్న ప్రసార కేంద్రాల తరంగాలు భూమిలోని పొడవాటి తీగల్లోకి, లోహపు పైపుల్లోకి దిగి మళ్లీ పైకి వస్తాయి. వాటిని వింటుంది. ఈ రెండింటికీ జెన్నీ అక్కర్లేదు, మిషన్ పట్టుకుని నడిస్తే చాలు. అందుకే తొందరలో ఉన్నవాళ్లు ఈ రెండింటితోనే సరిపెట్టేస్తారు. నేనూ అలాగే సరిపెట్టాను.

జనవరి నెల, పొద్దున పది గంటలు. ఒక సర్వీస్ రోడ్డు పక్కన పైపులైను కోసం కాలువ తవ్వాలి. కొత్తగా మిషన్ చేతికొచ్చిన ఉత్సాహం నాది. పత్తి చేనులో గుంటుక తోలినట్టు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మొత్తం తిరిగాను. పవర్‌లో ఏమీ లేదు. రేడియోలో సన్నగా ఏదో గొణిగి ఊరుకుంది. నేల మీద పెయింట్‌తో పెద్దగా 'క్లియర్' అని రాసి, పర్మిట్ కాగితం మీద కూడా అదే మాట రాశాను. జేసీబీ ఆపరేటర్ పెషావర్ వైపు పఠాన్, మేమంతా ఖాన్ సాబ్ అనేవాళ్లం. నా వైపు చూసి బొటనవేలు చూపించాడు. నేనూ చూపించాను. నాలుగో బకెట్‌కు బకెట్ పన్నుకు చిక్కి నల్లటి కేబుల్ పైకొచ్చింది, చేపను గాలంతో లాగినట్టు.

నిప్పు లేదు, చప్పుడు లేదు. అది వీధి దీపాల కేబుల్. పగలు దీపాలు వెలగవు కాబట్టి అందులో కరెంటు పారడం లేదు. పారని కరెంటును నా మిషన్ ఎలా వింటుంది? తలెత్తితే రోడ్డు పొడవునా దీపస్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. గంటసేపు నేను వాటి కిందే తిరిగాను. ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

ఆ సాయంత్రం ఆ రోడ్డులో ఒక వరుస మొత్తం చీకటిగా ఉంది. క్యాంపు బస్సు అటుగానే వెళ్లింది. నాకు ఒకటే టెన్షన్. ఇదే పని రాత్రి షిఫ్టులో అయ్యుంటే? బకెట్ పక్కన పార పట్టుకుని నిలబడ్డ బీహార్ పిల్లవాడికి ఏమయ్యేది? కంపెనీ నెల రోజులు నన్ను మళ్లీ పారకే పంపింది, నా ఓవర్‌టైమ్ కోసేసింది. అప్పుడు బాధపడ్డాను కానీ, దానికంటే ఎక్కువగా మనసులో ఉండిపోయింది ఖాన్ సాబ్ బొటనవేలు. ఆయనకు కిందేముందో కనపడదు. నా మాట మీద బకెట్ దించాడు.

మళ్లీ మిషన్ చేతికొచ్చాక నేను 'క్లియర్' అనే మాట రాయడం మానేశాను. 'సిగ్నల్ రాలేదు' అని రాస్తాను. సైట్ ఇంజనీర్లు కొందరు విసుక్కునేవారు, రెండూ ఒకటే కదా అని. ఒకటి కాదు. ఒకటి భూమి గురించి చెప్పే మాట, ఇంకొకటి నా మిషన్ గురించి చెప్పే మాట.

జెన్నీతో పని నిదానంగా సాగుతుంది. ఎర్ర క్లిప్పు పైపుకో, అనుమతి తీసుకుని దీపస్తంభం ఎర్త్ బోల్టుకో తగిలించాలి. నల్ల తీగను లైనుకు అడ్డంగా కొన్ని మీటర్ల దూరం లాగి, చివర ఇనుప మేకును నేలలో దిగ్గొట్టాలి. అప్పుడు జెన్నీ 33 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను ఆ లోహంలోకి పంపుతుంది, అదే సిగ్నల్‌ను క్యాట్ పైనుంచి వింటుంది. ఇక్కడి తిప్పలు ఇసుకతో. మన నల్లరేగడిలో మేకు దిగితే చాలు, పట్టు దొరుకుతుంది. ఎడారి ఇసుక ఎండకు ఎండి పిండిలా ఉంటుంది, కరెంటు దానిలోకి దిగదు. మేకు చుట్టూ నీళ్లు పోయాలి. తాగే బాటిల్‌లోంచే పోస్తాను. ఇసుక ఒక్క గుక్కలో తాగేస్తుంది, ఇంకొంచెం పోస్తాను. పెట్టె చేసే శబ్దం మారుతుంది. పట్టు దొరికిందన్నమాట. నీళ్ల కోసం బోర్లు వేసి అప్పులపాలైన ఇంట్లో పుట్టినవాణ్ని, తాగే నీళ్లు ఇసుకలో పోయడానికి మొదట్లో చేతులు వచ్చేవి కావు. ఇప్పుడు ఇంకో బాటిల్ దానికోసమే తీసుకెళ్తాను.

క్లిప్పు పెట్టే చోటు లేకపోతే జెన్నీని నేల మీదే పెట్టొచ్చు, సిగ్నల్ మట్టిలోంచి దిగి తీగకు ఎక్కుతుంది. అప్పుడు క్యాట్ పట్టుకుని కనీసం పది మీటర్లైనా దూరం వెళ్లాలి. దగ్గరుంటే గాలిలోంచే వింటుంది, మనం కేబుల్ అనుకుంటాం.

ఇంకొక మోసం ఉంది. ఒక కేబుల్‌కు పెట్టిన సిగ్నల్ పక్కన పోయే కేబుల్‌కు కూడా ఎక్కుతుంది. పెళ్లింట్లో మైకు పెడితే వీధంతా మోగినట్టు. ఎవరింట్లో పెళ్లో వినికిడితో చెప్పలేం, దగ్గరికి వెళ్లి చూడాలి. అందుకే సిగ్నల్ గట్టిగా వచ్చినచోట ఆగి, మిషన్‌ను నిలిపిన చోటే మెల్లగా తిప్పుతాను. బ్లేడు కేబుల్‌కు అడ్డంగా ఉన్నప్పుడు మోత ఎక్కువ. కేబుల్ వెంబడి తిరిగేసరికి సన్నబడుతుంది. ఆ సన్నబడిన దిక్కే కేబుల్ పోయే దిక్కు. కొత్తవాళ్లు కొడవలి తిప్పినట్టు మిషన్‌ను ఊపుతూ నడుస్తారు. ఊపితే బ్లేడు పక్కకు వాలుతుంది, పక్కనున్నది కిందే ఉన్నట్టు అనిపిస్తుంది. నిటారుగా, నేలకు దగ్గరగా పట్టుకోవాలి.

పెద్ద కేబుల్ అయితే గట్టిగా మోగుతుందని అనుకుంటారు. ఎప్పుడూ అలా కాదు. మూడు ఫేజులు ఒకే కేబుల్లో సమానంగా పోతుంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేసుకుంటుంది, పైకి వచ్చేది కొంచెమే. 11 వేల వోల్టుల కేబుల్ మీద నిలబడి మిషన్ గుసగుసలాడటం నేను విన్నాను. ఇంట్లోకి పోయే చిన్న తీగ అదే రోజు కేకలు పెట్టింది.

తవ్వే ముందు కాగితాలు చాలా కావాలి. దుబాయ్‌లో కరెంటుకు, నీళ్లకు దేవా, టెలిఫోన్‌కు ఎతిసలాత్, డూ, రోడ్డుకు ఆర్‌టీఏ. అందరి దగ్గరా ఎన్‌ఓసీ తీసుకుంటే ఎవరి లైను ఎక్కడుందో మ్యాపులు చేతికొస్తాయి. ఆ మ్యాపు, క్యాట్ రెండూ ఉండాల్సిందే. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేయకూడదు.

ప్లాస్టిక్ పైపు దగ్గర మాత్రం మిషన్ మూగది. రోడ్ల పక్కన ఖర్జూరం చెట్లకు, పచ్చికకు శుద్ధిచేసిన మురుగునీళ్లు పారిస్తారు. ఆ పైపులు ప్లాస్టిక్. లోహం లేదు, కరెంటు లేదు. జీపీఆర్ అని చక్రాల బండిలాంటి రాడార్ ఒకటుంది, అది ప్లాస్టిక్‌నూ పట్టగలదు, పొడి ఇసుకలో బాగా పనిచేస్తుంది. సముద్రం దగ్గర ఉప్పునీళ్లు ఊరే నేలలో అదీ చేతులెత్తేస్తుంది. ఒకసారి అలాంటి పైపును నాకు చూపించింది ఏ మిషనూ కాదు, చెట్లకు నీళ్లు పట్టే బంగ్లాదేశ్ చాచా. ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీదే పనిచేసిన మనిషి. సైకిల్ స్టాండు వేసి, చెప్పు విడిచి, బొటనవేలితో ఇసుకలో గీత గీసుకుంటూ నడిచాడు. ఒక చెట్టు దగ్గర వంపు తిప్పాడు. "ఇక్కడ పాత వాల్వు ఉండేది, దాన్ని తప్పించి వేశారు" అన్నాడు హిందీలో. ఆ గీత మీద మేం చేత్తో తవ్వితే పైపు ఆ వంపుతో సహా దొరికింది. అప్పటి నుంచి కొత్త సైటుకు వెళ్తే ముందు తోటపని వాళ్లు ఎవరున్నారో వెతుకుతాను. చాచాకు ఆ రోజు చాయ్ తప్ప ఏమీ ఇవ్వలేకపోయాను. ఆయన చెప్పింది ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

చివరికి అంతా చేతుల దగ్గరికే వస్తుంది. మిషన్ స్క్రీన్ మీద లోతు కూడా చూపిస్తుంది, కానీ ఆ అంకెను నమ్మి బకెట్ దించకూడదు. ముందు ట్రయల్ పిట్, అంటే కేబుల్ ఎక్కడుందో చూసుకునే చిన్న గుంట తవ్వాలి. గడ్డపార వద్దు, పారతోనే, పొర పొరగా. మా సైటులో కేబుల్‌కు అరమీటరు లోపల జేసీబీ పెట్టకూడదు. మోకాళ్ల లోతు దాటాక ఇసుక రంగు మారుతుంది. ఎవరో ఒకసారి తవ్వి పూడ్చిన ఇసుక అది. తర్వాత హెచ్చరిక టేపు, దాని మీద ఇంగ్లిష్‌లో, అరబ్బీలో రాత. అరబ్బీ మాట 'ఖతర్' అని ఖాన్ సాబ్ చదివి చెప్పాడు, ప్రమాదం అని అర్థమట. నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో ఖతర్నాక్ అని చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాం, ఇన్నేళ్లకు ఆ మాట గుంటలో దొరికింది. టేపు కింద పలకలు. పలక పక్క నుంచి వేళ్లతో ఇసుక తోడితే కేబుల్ గుండ్రటి వీపు తగులుతుంది. అప్పుడే నాకు ఊపిరాడుతుంది.

ఈ పనంతా తెల్లవారుజామునే చేస్తాం. మా క్యాంపు ఉన్న సోనాపూర్ నుంచి జెబెల్ అలీ సైటుకు బస్సు నాలుగున్నరకే బయల్దేరుతుంది. సోనాపూర్ అంటే మనోళ్ల నోట్లో పేరు, కాగితాల్లో ముహైస్నా. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. 12 దాటితే స్క్రీన్ మీద గీతలు కూడా ఎండకు సరిగ్గా కనపడవు.

పోయినసారి సెలవులో ఊరికి వెళ్తే మా వాడలో జేసీబీ తవ్వుతోంది, ఇంటర్నెట్ తీగ కోసం. డ్రైవర్ పక్క ఊరి పిల్లవాడు. "ఆగు తమ్మీ, కింద నల్లా పైపు ఉండొచ్చు" అన్నాను. "ఏం గాదన్నా" అన్నాడు. ఇంజన్ ఆపించి బాపును పిలిచాను. బాపు వచ్చి, గోడకు కొలత పెట్టి, కర్రతో గీత గీశాడు. పైపు వేసిన నాడు ఆయన అక్కడే ఉన్నాడు. పైపు గీతకు జానెడు అవతల దొరికింది. అమెరికాలో ఎవరు తవ్వాలన్నా కింద ఏ లైన్లున్నాయో తెలుసుకోవడానికి ముందు 811కు ఫోన్ చేస్తారని డాలస్‌లో ఉన్న మా చిన్నాయన కొడుకు చెప్తాడు. మన దేశంలో కూడా 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అని ఒక యాప్ తెచ్చారు. ఆ డ్రైవర్ ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాను.

ఇప్పుడు నా దగ్గర ఆర్మూర్ వైపు పిల్లవాడు ఒకడు నేర్చుకుంటున్నాడు. మొన్న పొద్దున రోడ్డు పక్కన నిలువుగా, అడ్డంగా తిరిగొచ్చి పర్మిట్ కాగితం తీశాడు.

"అన్నా, ఏం లేదు. క్లియర్ అని రాయాల్నా?"

"ఏ మోడ్‌ల చూసినవ్ తమ్మీ?"

"పవర్, రేడియో."

నేను ఏమీ అనలేదు, పైకి చూశాను. వాడూ చూశాడు. ఎండలో వెలగని దీపాలు, రోడ్డు చివరిదాకా. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎర్ర క్లిప్పు, మేకు, నా నీళ్ల బాటిల్ తీసుకుని స్తంభం వైపు నడిచాడు. వెనకాల ఖాన్ సాబ్ బకెట్‌ను నేలకు ఆనించి ఇంజన్ ఆపేశాడు.