నాలుగు బిస్కెట్లు

డైటెటిక్స్ ప్రాక్టికల్ అనగానే మేమందరం వంటగదిలాంటి ల్యాబ్‌నూ, తెల్లటి ఏప్రన్లనూ, చివర్లో వండినదంతా పంచుకుని తినేయడాన్నీ ఊహించుకున్నాం. మొదటి రోజు మేడమ్ అసలు పొయ్యి వెలిగించనివ్వలేదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "నిన్న లేచినప్పటి నుంచి ఈ రోజు లేచేదాకా ఏం తిన్నారో, ఏం తాగారో ఒకరినొకరు అడిగి రాయండి" అన్నారు. 24 గంటల రీకాల్ అంటారు దాన్ని. ఇంత తేలికైన దానికి కూడా మార్కులు వేస్తారా అనుకుంటూ పది నిమిషాల్లో ముగించేశాం.

నా జోడీ రాసిన కాగితం మేడమ్ చేతికి వెళ్లింది. చదివి, కళ్లద్దాల మీదుగా నా వైపు చూసి, "మధ్యాహ్నం భోజనం తర్వాత రాత్రి దాకా ఏమీ తినలేదా?" అన్నారు. లేదన్నాను. "టీ కూడా తాగలేదా?" తాగాను. "ఉత్త టీయేనా?" అప్పుడు బిస్కెట్ల సంగతి బయటపడింది. ఎన్ని అంటే నాలుగు అన్నాను. నిజానికి ఆరు. పోషకాహార శాస్త్రం చదవడానికి వచ్చి, చేరిన వారానికే ఆరు బిస్కెట్లని నలుగురిలో ఒప్పుకోవడం ఎలా?

మేడమ్ కోప్పడలేదు. అడగడమే మాకు చేతకాలేదని తేల్చారు. "ఉదయం అల్పాహారం ఏం చేశారు?" అని అడగకూడదట. అడిగితే, చేయనివాళ్లు కూడా ఏదో ఒకటి కల్పించి చెబుతారు. "లేచాక మొదట నోట్లో వేసుకున్నది ఏమిటి?" అనాలి. జవాబు విన్నప్పుడు కనుబొమ్మలు పైకి లేవకూడదు, "మంచిది" అని మెచ్చుకోనూ కూడదు. మెచ్చుకుంటే అవతలివారు ఆ మెప్పు కోసమే తర్వాతి జవాబు చెబుతారు. నా కనుబొమ్మలకు ఈ పాఠం ఒంటబట్టడానికి రెండేళ్లు పట్టింది.

ఆ తర్వాత జీవరసాయనం వచ్చిపడింది. క్రెబ్స్ చక్రం గురించి ఏమీ రాయను. దాన్ని హాస్టల్ గోడ మీద అంటించుకుని నిద్రపోయినవాళ్లకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ఆహారంలో ప్రోటీన్ ఎంతుందో తేల్చే కెల్డాల్ ప్రాక్టికల్‌ను మాత్రం వదలలేను. ఆహారపు నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగించడం, దగ్గించే ఆ పొగలు, ఏప్రన్ మీద మర్నాటికి తేలే చిల్లులు! చివరికి వచ్చిన నైట్రోజన్‌ను 6.25తో హెచ్చవేసి "ప్రోటీన్" అని రికార్డులో రాసేవాళ్లం. ప్రోటీన్‌లో సగటున 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క. వైవాలో మేడమ్ వేసే ప్రశ్న ఒకటే: "నువ్వు కొలిచింది ప్రోటీన్‌నా, నైట్రోజన్‌నా?" అప్పట్లో అదొక చాదస్తంలా తోచేది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం కలిపారన్న వార్త చదివినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వినిపించింది. మెలమిన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. నీళ్లు కలిపి పలచబడ్డ పాలకు ఆ పరీక్ష "ప్రోటీన్ బాగానే ఉంది" అని చెప్పింది. యంత్రమైనా అడిగినదానికే జవాబిస్తుంది మరి.

మనుషుల సంగతి చెప్పేదేముంది? తక్కువ చేసి చెప్పేది మేమే కాదని మూడో ఏడాది తెలిసి కాస్త ఊరట కలిగింది. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన ఐసోటోపులున్న నీటిని తాగించి, శరీరం నిజంగా ఖర్చు చేసే శక్తిని కొలిచే పద్ధతిని 1980లలో మనుషుల మీద వాడటం మొదలుపెట్టారు. అలా వచ్చిన లెక్కతో పోల్చి చూస్తే, చాలామంది తిన్నామని చెప్పినదానికీ శరీరం ఖర్చు పెట్టినదానికీ పొంతన కుదరలేదు. నోరు తగ్గించి చెబుతోంది.

ఇంటర్న్‌షిప్‌లో నాకు మూత్రపిండాల వార్డు పడింది. నా మొదటి రోగి ఒక పెద్దాయన. ఆయన రక్తంలో పొటాషియం ఎక్కువ. రాత్రంతా కూర్చుని దశాంశాలతో సహా లెక్కగట్టి డైట్ చార్ట్ రాశాను. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి, ఫలానావి మానేయాలి అంటూ గీతలు కొట్టి మరీ ఇచ్చాను. రెండు వారాలకు ఆయన మళ్లీ వచ్చారు. రీకాల్ తీసుకుంటే నా చార్టును వరుస తప్పకుండా ఒప్పజెప్పారు. పొంగిపోయాను. అంతలో రక్తపరీక్ష కాగితం వచ్చింది. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సిన పొటాషియం 6 దగ్గర ఉంది.

రెండు కాగితాలూ పట్టుకుని మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. పక్కపక్కన పెట్టి చూశారు. "నీ కాగితం నీకే చదివి వినిపించాడమ్మా ఆయన. తిన్నది చెప్పలేదు" అన్నారు.

మళ్లీ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఈసారి చార్ట్ తీసుకెళ్లలేదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, గిన్నె ఎంతది, తరిగాక ఏం చేస్తారు అని అడుగుతూ పోయాను. జవాబులు ఆయన భార్య చెప్పారు. కూరగాయలు నేను చెప్పినట్టే ఉడికిస్తున్నారు, నీళ్లు వేరే గిన్నెలోకి వంపేస్తున్నారు. "మరి ఆ గిన్నెలో నీళ్లు?" అన్నాను. ఆమె కాస్త నొచ్చుకున్నట్టు చూశారు. "పారబోస్తామా అమ్మా? సారమంతా అందులోనే కదా ఉంటుంది. కాస్త మిరియాల పొడి చల్లి ఈయన చేత తాగిస్తున్నాను. నీరసంగా ఉంటున్నారు."

నా కనుబొమ్మలు లేవలేదని గట్టిగా చెప్పగలను. అంత శ్రద్ధగా ఆ పొటాషియాన్ని కూరలోంచి తీసి, అంత ప్రేమగా ఆయనకే తాగించిన ఆవిడకు ఆ నీళ్లు ఎందుకు వద్దో వివరించడానికి చాలాసేపు పట్టింది. "వంపేయాలి" అని రాసిన నేను "పారబోయాలి" అని రాయలేదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా ఏ ఆహార పట్టికలోనూ లేదు.

కిందటి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో భోజనాల దగ్గర మేడమ్ నా పక్కనే కూర్చున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు మాత్రం అదే. నా పళ్లెం వైపు చూడకుండానే, "నిన్న సాయంత్రం టీతో ఏం తిన్నావు?" అన్నారు.

నాలుగు బిస్కెట్లు అన్నాను. "నాలుగేనా?" అన్నారు. ఆవిడ కనుబొమ్మలు ఏమాత్రం కదల్లేదు.