ఇనుము ఆవిరిగా ఉండే గ్రహాలతో నా ఉద్యోగం

జెనీవాలో నా పని ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే సుదూర మహాగ్రహాల వాతావరణంలో లోహాలను వెతకడమని చెబితే, రాత్రంతా టెలిస్కోపు దగ్గర కూర్చుంటానని చాలామంది అనుకుంటారు. ఆ టెలిస్కోపులు కానరీ దీవుల్లోని లా పాల్మాలోనూ, చిలీలోని పరనాల్ కొండమీదా ఉన్నాయి. నా బల్లమీదికి వచ్చేది వర్ణపటాలు, అంటే వెలుగును రంగులుగా విడదీసిన నమోదులు, మాత్రమే.

2017లో ప్రకటించిన కెల్ట్-9బి అనే మహాగ్రహం తన నక్షత్రాన్ని సుమారు ఒకటిన్నర రోజుకొకసారి చుట్టివస్తుంది. దాని పగటి వైపు వేడి 4,000 కెల్విన్‌లు దాటుతుంది. చల్లని మహాగ్రహాల్లో ఇనుము, టైటానియం ఘనీభవించి లోతుకు దిగిపోతాయి కనుక మనకు కనబడవు. ఇంత వేడిలో మాత్రం అవి విడి పరమాణువులుగా, అయాన్లుగా (విద్యుదావేశమున్న పరమాణువులుగా) పైనే ఉండిపోతాయి. గ్రహం నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు వాటి గుండా వచ్చే వెలుగు వర్ణపటంలో ఆయా మూలకాలకు చెందిన కొన్ని గీతలు కాస్త నల్లబడతాయి. ఏ ఒక్క గీతా సాధారణంగా సరిపోదు. ఇనుముకు వేల గీతలున్నాయి కాబట్టి వాటన్నిటి బలాన్నీ కలిపితే సంకేతం తేలుతుంది. 2018లో ఆ గ్రహంపై ఇనుము, టైటానియం ఇలాగే దొరికాయి.

అయితే నక్షత్రంలోనూ ఇనుము ఉంటుంది. అందుకే ఎవరు ఏ ఫలితం చూపినా మా సమావేశంలో వచ్చే మొదటి ప్రశ్న, అది నక్షత్రానిది కాదని ఎలా తెలుసు అన్నదే. కొత్తగా వచ్చిన విదేశీయుడికి ఇది కటువుగా వినిపించవచ్చు గాని, ఆచార్యులనూ ఇలాగే నిలదీస్తారు. జవాబు వేగంలో ఉంది: గ్రహం నక్షత్రానికి అడ్డంగా ఉండే ఆ కొద్ది గంటల్లో మనవైపు దాని వేగం సెకనుకు పదుల కిలోమీటర్ల మేర మారుతుంది కనుక దాని గీతలు వర్ణపటంలో పక్కకు జరుగుతాయి, నక్షత్రం గీతలు దాదాపు కదలవు, మన గాలిలోని నీటి ఆవిరి గీతలు అక్కడే ఉంటాయి. తిరుగుతున్న నక్షత్రంలో కొంత భాగాన్ని గ్రహం కప్పేయడంవల్ల నక్షత్రం గీతల ఆకారంలో పుట్టే వికృతిని విడిగా తీసివేయాలి. నా వారాలు ఎక్కువగా దానికే ఖర్చవుతాయి.

వాస్ప్-76బి అనే మరో వేడి మహాగ్రహంలో, పగటి వైపు నుంచి రాత్రి వైపుకు దాటే సాయంత్రపు అంచున కనిపించిన ఇనుము, రాత్రి నుంచి పగటికి దాటే ఉదయపు అంచున కనిపించలేదని 2020లో తేలినప్పుడు, రాత్రి వైపు ఇనుము వాన కురుస్తుందన్న మాట పత్రికలకెక్కింది. రెండు అంచుల ఉష్ణోగ్రతల తేడాతోనో, మేఘాలతోనో కూడా దీన్ని వివరించవచ్చని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి. నాకైతే వాన కంటే ఈ వాదమే ఆసక్తికరం.

టెలిస్కోపు సమయానికి ఆరు నెలలకోసారి దరఖాస్తు చేయాలి; ఆ రాత్రి మబ్బు పట్టిందంటే మళ్లీ నిరీక్షణే. నా ఒప్పందమేమో రెండేళ్లది, నివాస అనుమతి దానికి ముడిపడి ఉంది. అందుకే గ్రహాన్ని ఎంచుకునేటప్పుడు దాని వేడితోపాటు, నా గడువులోగా అది ఎన్నిసార్లు నక్షత్రాన్ని దాటుతుందో కూడా లెక్కవేసుకుంటాను.