9.6 జీబీ తీసేశా, డిస్క్ మాత్రం కదల్లేదు

నిన్న రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ లినక్స్ అప్‌డేట్ మొదలవకముందే మొండికేసింది, చోటు లేదట. రూట్, అంటే సిస్టమ్ ఉండే డిస్క్ విభాగం, 60 జీబీ, నిండింది 59. సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్యాక్‌మ్యాన్ దించుకుని దాచే ప్యాకేజీల క్యాష్ ఒక్కటే 14.2 తింటోంది. సరే, ఇది ఐదు నిమిషాల పని అనుకున్నా.

ఆ క్యాష్‌ని ఊడ్చే ప్యాక్‌క్యాష్‌ని, ఒక్కో ప్యాకేజీకి రెండు వెర్షన్లు ఉంచమని నడిపా. 412 ప్యాకేజీలు పోయాయి, 9.6 జీబీ ఆదా అని గొప్పగా చెప్పింది. డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కొడితే మళ్లీ 59! కళ్లు నులుముకుని ఇంకోసారి కొట్టా. అదే 59.

డిలీట్ అయినా ఏదో ప్రాసెస్ పట్టుకుని ఉందేమోనని, తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్ఎస్ఓఎఫ్‌లో చూశా. 2 ఎంబీ కూడా లేదు. రీబూట్ చేసినా అంతే. నా డిస్క్ ఫైల్‌సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్, తర్వాత దాని బ్యాలెన్స్ నడిపా, నలభై నిమిషాలు దండగ. అది డిస్క్ మీద కేటాయించిన పెద్ద ముక్కలను (చంకులను) సర్దుతుందే కానీ డేటాను తగ్గించదు, ఆ మాత్రం ముందే తట్టాల్సింది.

ఒంటిగంటకు స్నాపర్ జాబితా తెరిస్తే 41 స్నాప్‌షాట్లు, అంటే సిస్టమ్ ఆయా క్షణాల్లో ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన నకళ్లు. క్యాష్ ఫోల్డర్ కూడా రూట్ సబ్‌వాల్యూమ్‌లోనే (స్నాప్‌షాట్ తీసే ఫైల్‌సిస్టమ్ భాగంలోనే) ఉండటంతో పాత ప్యాకేజీలన్నీ వాటిలో భద్రంగా కూర్చున్నాయి. పాతవి 30 చెరిపా. 59 కాస్తా 57 అయింది, అంతే. ఏడుపొచ్చింది. మిగిలిన 11 కూడా క్లీనింగ్‌కి ముందు తీసినవేగా! చివరి స్నాప్‌షాట్ పోయేదాకా ఆ ఫైళ్ల చోటు తిరిగి రాదు. ధైర్యం చేసి అవీ లేపేశా. నాలుగు నిమిషాల్లో 54, 49, 45. అక్కడ ఆగింది.

వెంటనే కొత్త స్నాప్‌షాట్ ఒకటి తీసి, అప్‌డేట్ చేశా. సాఫీగా అయింది.

ఇలాంటప్పుడు ప్యాక్‌మ్యాన్‌కి ఎస్‌సీసీ ఆప్షన్ కొట్టి క్యాష్ మొత్తం ఊడ్చేయమనే వాళ్లుంటారు. నాకు నచ్చదు. కొత్త కెర్నల్‌తో వైఫై పోయిన రోజు పాత ప్యాకేజీ ఇంట్లో ఉండాలి కదా, ఆన్‌లైన్‌లో ఉండే పాత ప్యాకేజీల ఆర్కైవ్ నుంచి దించుకుందామంటే నెట్ ఏది? బ్లీచ్‌బిట్ లాంటి క్లీనర్లను రూట్‌గా, అంటే పూర్తి అధికారాలతో, నడపడం కూడా నాకు భయమే.

ఆదివారం క్యాష్ ఫోల్డర్‌కి విడిగా సబ్‌వాల్యూమ్ చేస్తా. స్నాప్‌షాట్ లోపలి సబ్‌వాల్యూమ్‌లోకి దిగదు కాబట్టి ఈ గోల ఉండదు. ప్యాక్‌క్యాష్ టైమర్ ఆన్ చేసేశా, వారానికోసారి నడుస్తుంది. అది మామూలుగా మూడు వెర్షన్లు ఉంచుతుంది, నాకు రెండు చాలు, మార్చాలి. ఇక నా హోమ్ ఫోల్డర్‌లో యాయ్ (ప్యాకేజీలు ఎక్కించే ఇంకో టూల్) క్యాష్ 6 జీబీ ఉంది, దాని సంగతి తర్వాత.