మార్ఫీ కొట్టని బంటు

సీతమ్మధారలోని మా ఇంటి వసారాలో, మేనల్లుడితో కలిసి, 1858లో పారిస్ ఒపేరా హౌస్‌లో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన చదరంగం ఆటను ఎత్తు ఎత్తుగా పరిశీలిస్తున్నాను. జట్టుగా ఆడిన ప్రత్యర్థులు, బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్, ఫిలిడార్ డిఫెన్స్ అనే ఆరంభాన్ని ఎంచుకుని మూడో ఎత్తులోనే బిషప్‌ను జీ4 గడికి తెచ్చారు. ఆపైన తమ బంటు పోకుండా ఉండాలంటే ఆ బిషప్‌ను మార్ఫీ గుర్రానికి మార్చుకోక తప్పలేదు.

ఏడో ఎత్తులో మార్ఫీ తెల్ల మంత్రి బీ3కి చేరి ఎఫ్7, బీ7 బంట్లను ఒకేసారి గురిపెడుతుంది. బీ7 బంటును కొట్టేయమని మావాడి పట్టు. కొడితే నల్ల మంత్రి బీ4 నుంచి చెక్ చెప్పి మంత్రుల మార్పిడికి దారితీస్తుంది, దాడి కాస్తా చల్లారిపోతుంది. మార్ఫీ ఆ బంటు జోలికి పోకుండా రెండో గుర్రాన్ని బయటికి తీశాడు. మంత్రిని బలిచ్చి పదిహేడో ఎత్తులో ఆట కట్టించిన తీరునే అందరూ పొగుడుతారు గానీ, నా ఓటు మాత్రం ఈ ఎనిమిదో ఎత్తుకే.